కాదని చెప్పడానికి ఎన్నాళ్ళు?

గోదావరి జిల్లాల్లో ఎవరూ ఎవరికీ మొహమ్మీద ‘కాదు’ అని చెప్పరు. సంబంధం నచ్చకపోతే ‘ఇంటికెళ్ళి కబురు చేస్తామండి’ అంటారు. చేబదులు ఇవ్వడం ఇష్టం లేకపోతే ‘దాళవా చేతికి రానివ్వండి, చూద్దాం’ అంటారు. అడిగినవాళ్ళు కాఫీ తాగి, ‘ఆయ్, మంచిదండీ’ అని లేచి వెళ్ళిపోతారు. మళ్ళీ అడగరు. మా వైపు ‘చూద్దాం లెండి’ అనే మాటకి ఏ నిఘంటువులోనూ లేని అర్థం ఒకటుంది, అది పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. మర్యాద కోసం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ‘కాదు’ అది. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ ఒకటే అర్థం కాబట్టి అందులో మోసం లేదు.

నాకు పేచీ ఉన్నది ఇంకోరకం ‘చూద్దాం’తో. ప్రభుత్వ కాగితం మీద అచ్చయి వచ్చేదానితో. పైలట్ల వైద్యపరీక్షల్లో దాని పేరు ‘టెంపరరీ అన్‌ఫిట్’. సుగరో, బీపీయో, థైరాయిడో, డిప్రెషనో, అంటే ఓసారి వస్తే మనతోపాటే ఉండిపోయే జబ్బేదో ఉన్నవాళ్ళ చేతిలో ఆ కాగితం పెడితే, అది అవునో కాదో పుచ్చుకున్నవాళ్ళకి తెలీదు. ఒక్కోసారి ఇచ్చినవాళ్ళకి కూడా తెలీదేమో అనిపిస్తుంది. సాహిత్య పత్రికలో పైలట్ల మెడికల్ గొడవ ఏమిటని ఎవరికన్నా అనిపిస్తే, ఇది మాటల గొడవే. ‘తాత్కాలికం’ అనే మాటని దానికి ఉండాల్సిన గడువు పీకేసి వాడితే, ఆ మాట కింద మనుషులు ఎలా నలుగుతారన్న గొడవ.

ముందు పద్ధతి చెప్పాలి, లేకపోతే కోపం గాలిలో ఉంటుంది. విమానం నడిపి జీతం తీసుకోవాలంటే లైసెన్సు ఒక్కటే చాలదు, క్లాస్ వన్ మెడికల్ చేతిలో ఉండాలి. ముందు క్లాస్ టూ, దాని తర్వాత క్లాస్ వన్. ఢిల్లీలోనో, బెంగళూరులోనో, అస్సాంలోని జోర్హాట్‌లోనో ఉన్న వాయుసేన కేంద్రాలకి గానీ, గుర్తింపు ఉన్న కొన్ని ప్రైవేటు కేంద్రాలకి గానీ వెళ్ళాలి. రక్తం, మూత్రం, ఈసీజీ, చెవులు, కళ్ళు, రంగులు గుర్తుపట్టడం, అన్నీ చూస్తారు. చూసిన డాక్టరుది ఆఖరి మాట కాదు. కాగితాలు ఢిల్లీలో డీజీసీఏ వైద్యవిభాగానికి వెళ్ళి, అక్కడ తేలాక గానీ సర్టిఫికెట్ రాదు. వచ్చినా పన్నెండు నెలలే. అరవై దాటితే ఆరు నెలలే. అంటే పైలట్ అన్నవాళ్ళు ఏటేటా తమ ఉద్యోగానికి తామే మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటుంటారు. ఇందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. నేనూ విమానం ఎక్కేదాన్నే, నడిపేవాళ్ళ గుండె బాగా కొట్టుకుంటుందో లేదో ఎవరో ఒకరు చూడాలనే కోరుకుంటాను.

అభ్యంతరం ఎక్కడ మొదలవుతుందంటే, ఈ ఆలస్యంలో రెండు రకాల కాలం కలిసిపోయి ఉండటం దగ్గర. ఒకటి శరీరం తీసుకునే కాలం. కొత్తగా మాత్రలు మొదలుపెడితే అవి ఒంటికి పడుతున్నాయో లేదో, కళ్ళు తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి కొన్ని వారాలో నెలలో ఆగాలి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. రెండోది బల్ల తీసుకునే కాలం. రిపోర్టు వచ్చేసింది, స్పెషలిస్టు సంతకం పెట్టేశాడు, ఇక ఆ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి వెళ్ళాలి. ఇంకో పరీక్ష కావాలంటారు. అది తెచ్చేసరికి మొదటి పరీక్ష పాతబడుతుంది. పాతబడింది కాబట్టి మళ్ళీ చేయించుకు రమ్మంటారు. ఈ రెండు కాలాలకీ ఒకటే పేరు పెట్టి, ఒకటే కాగితం మీద రాసి, రెండోదాన్ని మొదటిదాని చాటున దాచెయ్యడమే నేనంటున్న మోసం. బల్ల చేసే ఆలస్యానికి వైద్యం అనే గౌరవం ఎందుకివ్వాలి?

పైగా, పైలట్ దగ్గర ఉన్న ప్రతిదానికీ గడువుంటుంది. రాసి పాసైన పరీక్షలకి గడువు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి గడువు. ఈమధ్య ఎన్ని గంటలు ఎగిరావన్న లెక్కకి గడువు. బ్యాంకు వాయిదాకి సరేసరి, అది నెలనెలా గుర్తుచేస్తుంది. ఇవాళ కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చేసరికి అరకోటి దాకా అవుతుంది, పెద్ద విమానం టైప్ రేటింగ్ కలిపితే ఇంకా పైకి. కోనసీమలో కొబ్బరితోట అమ్మి కట్టినవాళ్ళుంటారు, భీమవరం వైపు చెరువు కాగితాలు బ్యాంకులో పెట్టినవాళ్ళుంటారు. ‘మావాడు పైలట్ అవుతాడండి’ అని చెప్పుకునే ఆనందం ఖరీదు అది. ఇన్నిటికీ ఆఖరి తేదీలుండి, వీటన్నిటినీ ఆపగలిగిన ఆ ఒక్క కాగితం ఎప్పుడు తేలుతుందో తెలీకపోతే, ఆగిపోయేది ఒక్క సర్టిఫికెట్ కాదు. దాని వెనకాల ఉన్న ప్రతిదీ ఒకటొకటిగా మురిగిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ‘ఫిట్’ అని వచ్చినా, అప్పటికి ఫిట్‌గా ఉన్నది మనిషొక్కడే.

ఇక జబ్బు సంగతి. మెడికల్ కాగితాల్లో సుగర్‌ని చూస్తే అదేదో అరుదైన ప్రమాదంలా ఉంటుంది. డెల్టాలో పెరిగినవాళ్ళకి అది ఇంటిమనిషి. సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషనూ, ఆస్ట్రేలియాకి చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూటూ మరికొందరూ కలిసి ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో కొన్ని సర్వేలు చేశారు. (ఆ కంపెనీ లెక్కలు ఏమైతేనేం, ఈ లెక్కలు మాత్రం నిలబడ్డాయి.) 2006లో అచ్చయిన ఒకదాంట్లో 45 ఊళ్ళలో, లక్షా ఎనభైవేల జనాభాలో, ఏడాదిపాటు జరిగిన 1,354 మరణాలకి కారణాలు ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకున్నారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల. పల్లెటూళ్ళలో జనం అంటురోగాలతో పోతారన్న పట్నం నమ్మకం అక్కడితో సరి. అదే ఏడాది వచ్చిన ఇంకో సర్వేలో 20 ఊళ్ళలో ముప్ఫై దాటినవాళ్ళని పరీక్షిస్తే 13.2 శాతం మందికి సుగర్ ఉంది. ఎనిమిదిమందిలో ఒకరు పైమాటే. వాళ్ళలో సగంమందికి ఉన్నట్టే తెలీదు. ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట, పైగా పల్లెల మాట. ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలే ఇప్పుడు ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నారు. బీటెక్‌లు చదివారు, అమెరికా వెళ్ళారు, కొద్దిమంది విమానాలు నేర్చుకున్నారు. ఆ రక్తం వాళ్ళతోపాటే వెళ్ళింది. ఎనిమిదిమందిలో ఒకరికి ఉన్నదాన్ని ‘అసాధారణం’ అనే అరలో పెట్టి, వచ్చిన ప్రతి ఫైలునీ ఇదే మొదటిసారి చూస్తున్నట్టు చూడటం ఏం పద్ధతి?

మా పిన్ని కొడుకొకడున్నాడు. అమలాపురం దగ్గర ఊరు, ఇరవయ్యారేళ్ళు, కమర్షియల్ లైసెన్సుంది. మొన్నామధ్య రెన్యూవల్‌కి వెళ్ళేముందు, ఎందుకైనా మంచిదని ఊళ్ళోనే ల్యాబులో రక్తం ఇచ్చాడు. సుగర్ తేలింది. డాక్టరు మెట్‌ఫార్మిన్ రాసి, పొట్ట తగ్గించుకోమన్నాడు. ఆ రాత్రి పదకొండింటికి ఫోను.

‘అక్కా, ఈ గోళీలు మానేసి, నాలుగురోజులు అన్నం మానేసి వెళ్తే పట్టుకుంటారంటావా?’

‘హెచ్‌బీఏ1సీ అనేది మూడునెలల లెక్కరా. నాలుగురోజులు మాడితే దానికేం తెలుస్తుంది?’

‘అయితే మూడునెలలు మాడతాను.’

వాడు నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. గోళీలతో అదుపులో ఉంటే రూలు ఒప్పుకుంటుంది కదరా, దాచడం దేనికి అన్నాను. ఈమాట నేను ఊరికే అనలేదు. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ ఐకావో నిబంధనల్లోనే ఆ దారి ఉంది. పథ్యంతోనో, విమానం నడపడానికి అడ్డురాని మాత్రలతోనో అదుపులో ఉన్న సుగర్‌కి తలుపు తెరిచే ఉంచారు. వాడు దానికి చెప్పిన జవాబు ఈ వ్యాసం మొత్తానికి సరిపోతుంది. ‘రూలు ఒప్పుకుంటుందక్కా. ఎప్పుడు ఒప్పుకుంటుందో చెప్పదు.’

వాడికి భయం కాదనిపించుకోవడం గురించి కాదు. కాదంటే ఏం చెయ్యాలో వాడికి తెలుసు. అప్పీలు చేస్తాడు, లేదా తోట కౌలుకిచ్చి ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. వాడి భయమంతా ‘చూద్దాం’ గురించి. నేను దాచొద్దనే గట్టిగా చెప్పాను. అలా చెప్పడానికి నాకేం పోయింది గనక? నిజం చెప్తే ఎన్నాళ్ళు ఇంట్లో కూచోవాలో చెప్పు, అంతవరకూ వాయిదాలకి బాబాయిని అడుగుతాను అన్నాడు. అది చెప్పగలిగేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు.

దాచడం మనకి కొత్త విద్యేం కాదు. సంబంధాలప్పుడు పెళ్ళికొడుకు సుగర్ దాస్తారు, పెళ్ళికూతురి థైరాయిడ్ దాస్తారు, విందులో అందరూ తింటుంటే చేతిరుమాలు చాటున గోళీ మింగే మావయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు. అసలు విషయం అందరికీ తెలుసు, మాట్లాడరంతే. పైలట్ కాక్‌పిట్‌లోకి ఈ విద్యనే తీసుకెళ్తే మాత్రం అది వేరే కథ. అక్కడికి నిజం రావాలంటే నిజం చెప్పినవాళ్ళకి చెప్పనివాళ్ళకంటే ఎక్కువ నష్టం జరగకూడదు. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు.

ఇది మన ఒక్క దేశం జాడ్యం కాదు. అమెరికాలో ఎరిక్ ఫ్రీడ్‌మన్ అనే కమర్షియల్ పైలట్ ఉన్నాడు, ఇన్సులిన్ తీసుకునే మనిషి. ఫస్ట్ క్లాస్ మెడికల్ కావాలని అక్కడి ఎఫ్ఏఏకి దరఖాస్తు పెట్టాడు. వాళ్ళు అవునన్లేదు, కాదన్లేదు. ఒంటికి మిషను తగిలించుకుని తొంభై రోజులపాటు గ్లూకోజు లెక్కలు తెమ్మన్నారు. నాకు ఆ మిషను అవసరం లేదని నా డాక్టర్లే అంటున్నారు, వేలి రక్తంతో తీసిన లెక్కలున్నాయి చూడండి అన్నాడతను. అవి ఇస్తేనే ముందుకెళ్తాం అన్నారు వాళ్ళు. ఫైలు అక్కడే కూచుంది. విసిగి కోర్టుకి వెళ్తే ఎఫ్ఏఏ లాయర్లు చెప్పిన మాట వినండి: మేమింకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, కాబట్టి కోర్టు విచారించడానికి ఇక్కడ ఏమీ లేదు! ఇంతకంటే తెలివైన మాట ఏ ఆఫీసూ ఎక్కడా అని ఉండదు. నిర్ణయం తీసుకుంటేనే తప్పు పట్టగలరు, కాబట్టి తీసుకోకపోవడమే క్షేమం.

వాషింగ్టన్‌లోని అప్పీళ్ళ కోర్టు 2016 నవంబరులో దీన్ని ఒప్పుకోలేదు. అతను ఇవ్వనని తేల్చిచెప్పిన కాగితం లేకుండా మీరు ముందుకి కదలనంటున్నారు, అంటే మీరు కాదన్నట్టే, ఆ కాదుకి కారణాలు రాసి ఇవ్వండి అని ఫైలు వెనక్కి పంపింది. మా గోదావరివాళ్ళకి పుట్టుకతో తెలిసిన సంగతి ఆ జడ్జీలు తీర్పులో రాశారన్నమాట. ఫలానా ‘చూద్దాం’ అంటే కాదనే అర్థమని. ఎఫ్ఏఏ కారణాలు రాసింది. అవి నిలవవని 2018లో అదే కోర్టు మళ్ళీ అంది. 2019 నవంబరులో ఎఫ్ఏఏ ఇన్సులిన్ మీద ఉన్న ఎయిర్‌లైన్ పైలట్ల కోసం ఒక పద్ధతి ప్రకటించింది. అందులో ఆ గ్లూకోజు మిషను తప్పనిసరి! ఎఫ్ఏఏ తన పంతం నెగ్గించుకుందనే అనుకోవచ్చు. అయినా తేడా ఉంది. ఇప్పుడది రాసిపెట్టిన షరతు. చదువుకోవచ్చు, తిట్టుకోవచ్చు, మిషను కొనుక్కోవచ్చు, ఎప్పటికి తయారవుతామో లెక్కేసుకోవచ్చు. నచ్చని రూలుతో బతకొచ్చు, కనబడని రూలుతో బతకలేం.

ఈ మాట ఎక్కడన్నా అంటే వచ్చే జవాబు నాకు తెలుసు. ‘వెనకాల నూట ఎనభైమంది కూచుంటారమ్మా. ఏమన్నా అయితే?’ ఈ ప్రశ్నని నేను వెటకారం చెయ్యను. అది సరైన ప్రశ్న. నా జవాబల్లా ఒకటే, ఆ నూట ఎనభైమందిని ఆలస్యం ఎలా కాపాడుతుందో చెప్పండి. తొందరగా కాదనెయ్యడం కాపాడుతుంది. జాగ్రత్తగా పరీక్షించి అవుననడం కాపాడుతుంది. ఆలస్యం కాపాడేది సంతకం పెట్టాల్సినవాళ్ళని మాత్రమే. పెట్టని సంతకానికి ఎవరూ బాధ్యులు కారు కదా.

ఆలస్యం ఏం పెంచుతుందో చూపించే లెక్క ఒకటుంది. 2022లో అచ్చయిన ఒక సర్వేలో అమెరికాలో 3,765 మంది పైలట్లని అడిగారు, మెడికల్ పోతుందన్న భయంతో ఎప్పుడన్నా డాక్టరుకి దూరంగా ఉన్నారా, లేదా ఏదన్నా చెప్పకుండా దాటేశారా అని. 56.1 శాతం మంది ఉన్నామన్నారు. సగంమందికి పైగా! మా తమ్ముడు ఒంటరివాడు కాడన్నమాట. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలటే ఆల్ప్స్ కొండల్లోకి దించేసి, తనతో కలిపి 150 మందిని చంపేశాడు. ఆ ఘోరానికి మెడికల్ ఆలస్యం కారణమని నేను అనను, అది అబద్ధం అవుతుంది. కానీ ఫ్రెంచి దర్యాప్తు సంస్థ బీఈఏ తన నివేదికలో ఒక సంగతి రాసింది. జబ్బు ముదిరినా అతను బయటపెట్టకపోవడానికి, లైసెన్సు పోతే మీద పడే డబ్బు నష్టం కూడా ఒక కారణమై ఉంటుందని. రెండు మెడికల్స్ మధ్య ‘నాకు బాగోలేదు’ అని పైలటే వచ్చి చెప్తాడన్న నమ్మకం మీద వ్యవస్థ నడుస్తోంది, ఆ నమ్మకం పనిచెయ్యలేదు అని. మన ఎయిర్‌క్రాఫ్ట్ రూల్సులోనూ ఇదే నమ్మకం ఉంది. ఒంట్లో తేడా ఉందని తెలిస్తే నడపకూడదు. మంచిదే. అయితే, వచ్చి చెప్పినవాణ్ణి నెలలకొద్దీ గుమ్మం బయట నిలబెట్టే చోట ఎవరొచ్చి చెప్తారు?

తేల్చి చెప్పడం కుదురుతుందనడానికీ ఉదాహరణ ఉంది. ఇన్సులిన్ తీసుకునే పైలట్లని బ్రిటన్ 2012 నుంచి షరతుల మీద ఎగరనిస్తోంది. తర్వాత ఐర్లండ్, ఆస్ట్రియా కలిశాయి. ఎగరబోయే ముందు రక్తం చూసుకోవాలి, గాల్లో గంటగంటకీ చూసుకోవాలి, దిగేముందు చూసుకోవాలి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని హద్దులున్నాయి, ఎరుపులో పడితే పగ్గాలు పక్కవాళ్ళకి అప్పగించాలి. ఏడేళ్ళకి పైగా 49 మంది పైలట్లు 22,078 గంటలు ఎగురుతూ తీసిన 38,621 రీడింగులు లెక్కేస్తే 97.69 శాతం ఆకుపచ్చలోనే ఉన్నాయి. సుగర్ పడిపోయి ఎరుపు హద్దు దాటినవి 48. ఒక్కరు కూడా సీట్లో ఒరిగిపోలేదు. నాకు ఇందులో నచ్చింది శాతాలు కాదు, ఆ గంటగంటకీ సూది గుచ్చుకునే పని. నమ్మకం అనేదాన్ని ఎలా కొలవాలో కూచుని ఆలోచించిన మనుషులెవరో ఉన్నారక్కడ. ఇన్సులిన్ మీద ఉంటే అన్‌ఫిట్ అని ఐకావో పుస్తకంలో ఈనాటికీ ఉంది. అదే పుస్తకంలో, నిపుణులు చూసి తేలిస్తే సడలించొచ్చనే వెసులుబాటు కూడా ఉంది. వాళ్ళు ఆ రెండో వాక్యం దాకా చదివారు. మన దగ్గర మొదటి వాక్యంతోనే పుస్తకం మూసేశారు.

మనవాళ్ళు తలుచుకుంటే ఎంత తొందరగా తేల్చగలరో కేరళ ఆడం హారీ విషయంలో చూశాం. అతను ట్రాన్స్‌మ్యాన్. ట్రాన్స్ కావడం జబ్బు కాదు, ఇక్కడ ఆ పేరు తేవడానికి కారణం అది కాదు. అతను జీవితమంతా వాడాల్సిన హార్మోను మందులు కారణం. దక్షిణాఫ్రికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు, ఇక్కడ కమర్షియల్ శిక్షణకి కేరళ ప్రభుత్వం డబ్బిచ్చింది. మెడికల్ దగ్గర ఆగిపోయాడు. మందులు మానేసి రమ్మన్నారని అతను చెప్పాడు. ఏళ్ళు గడిచాయి. 2022 జులైలో అతని కథ దేశమంతా పత్రికలకెక్కింది. ట్రాన్స్ మనుషులు ఎగరకూడదని మేమెప్పుడన్నాం అని డీజీసీఏ ప్రకటన ఇచ్చింది. ఆగస్టులో మార్గదర్శకాలు వచ్చేశాయి. అవి బాగున్నాయా అంటే, వాటిమీద వేరే గొడవుంది. నా ప్రశ్న ఇంకొకటి. జులైకీ ఆగస్టుకీ మధ్య వైద్యశాస్త్రంలో ఏం కొత్తగా కనిపెట్టారు? ఏమీ లేదు. పేపర్లో పడింది. శరీరం తీసుకునే కాలమే అయితే పేపర్లో పడితే తగ్గదు.

అమలాపురం కుర్రాడికి పేపర్లో పడే అదృష్టం ఉండదు. పడినా ఎలా పడాలో మనకో అలవాటుంది. 2021 జులైలో శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్‌లో అంతరిక్షం అంచుదాకా వెళ్ళొచ్చినప్పుడు తెలుగు పత్రికలు పండగ చేసుకున్నాయి. చీరాల అమ్మాయి, తెనాలి తాతయ్య, అంతా వచ్చింది. కంటిచూపు వల్ల నాసా దారి మూసుకుపోయిందని, ఇంజినీరింగు మీదుగా చుట్టూ తిరిగి అక్కడికి చేరిందని ఆమే చెప్పుకుంది. ఆ మూసుకుపోయిన దారి గురించి మనం ఎంత మాట్లాడాం? మనకి పైకెళ్ళినవాళ్ళు కావాలి. కింద ఆగిపోయినవాళ్ళెందుకు ఆగారో అడిగే ఓపిక లేదు.

ఢిల్లీలో ఆ కుర్చీ మనకి దూరమైనదేం కాదు. 2014 నుంచి 2018 దాకా పౌరవిమానయాన మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజు. 2024 నుంచి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. పదేళ్ళలో ఇద్దరు ఉత్తరాంధ్రవాళ్ళు అదే శాఖలో కూచున్నారు. 2024 డిసెంబరులో రాజమండ్రి నుంచి ఢిల్లీకి నేరుగా విమానం వేశారు, మధురపూడిలో సంబరం జరిగింది, మంచిదే, నేనూ ఎక్కాను. టెర్మినళ్ళు కడతారు, రూట్లు వేస్తారు, రిబ్బన్లు కత్తిరిస్తారు. ఫైలుకి గడువు పెట్టడానికి మాత్రం రిబ్బనుండదు, ఫొటో రాదు.

నేనడిగేది దయ కాదు. అందరికీ ‘ఫిట్’ ఇచ్చెయ్యమని కాదు. గడువు దాటితే ఫిట్ అయినట్టే లెక్క అని కూడా కాదు, అలా అడిగితే నేనే ఆ విమానం ఎక్కను. నేనడిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. గడువు దాటితే కాదన్నట్టే లెక్క వెయ్యండి. కాదంటే కారణం రాయాలి, కారణం రాస్తే అప్పీలు చెయ్యొచ్చు. ఇదేం వింత కోరిక కాదు, మన చట్టాల్లో ఉన్నదే. 2005 సమాచార హక్కు చట్టం ఏడో సెక్షన్ చూడండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే నిరాకరించినట్టే. అక్కణ్ణుంచి అప్పీలుకి దారి తెరుచుకుంటుంది. మౌనానికి అర్థం ఏమిటో ఆ చట్టం రాసిపెట్టింది. ఇక కారణాల సంగతి. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు, ఇంత శాతం వైకల్యం ఉంది కాబట్టి ఎంబీబీఎస్‌కి పనికిరాడు అంటే కుదరదంది. ఆ వైకల్యం చదువుకి ఎలా అడ్డమో బోర్డు చూసి తేల్చాలి, పనికిరాడంటే కారణాలు రాయాలి అంది. డాక్టరు చదవబోయే పిల్లాడికి కారణం చెప్పాల్సి ఉన్నప్పుడు, అరకోటి పెట్టి విమానం నేర్చుకున్న పిల్లకి ఎందుకక్కర్లేదు?

‘టెంపరరీ అన్‌ఫిట్’ అనే కాగితం మీద మూడు విషయాలుంటే నాకు పేచీయే లేదు. ఏ లెక్క ఎంతకి దిగితే సరిపోతుంది, ఏ పరీక్షలు ఒకేసారి తెచ్చుకోవాలి, తెచ్చాక ఏ తేదీలోగా జవాబొస్తుంది. మా ఊళ్ళో రేషన్‌కార్డు దరఖాస్తు పెట్టినా చేతిలో చీటీ పెడతారు.

సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు. నేను ప్రశ్నలు రాసుకున్నాను, ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎవరైనా ఇవే ప్రశ్నలు పంపొచ్చు, మార్చుకోవచ్చు. గత అయిదేళ్ళలో ఏడాదికి ఎంతమంది పైలట్లని, శిక్షణలో ఉన్నవాళ్ళని టెంపరరీ అన్‌ఫిట్ చేశారు? వాళ్ళలో సుగర్, బీపీ, థైరాయిడ్, మానసిక ఆరోగ్యం కారణంగా చేసినవి వేరువేరుగా ఎన్ని? ఆఖరి రిపోర్టు అందిన రోజునుంచి నిర్ణయం చెప్పిన రోజుదాకా సగటున ఎన్ని రోజులు పట్టింది, అన్నిటికంటే ఎక్కువ పట్టిన ఫైలుకి ఎన్ని రోజులు? మొదటి పరీక్ష పాతబడిందని మళ్ళీ చేయించుకు రమ్మన్నవి ఎన్ని? ఈ దరఖాస్తు మీ దగ్గరికి వచ్చిన రోజున నిర్ణయం కోసం మీ బల్లల మీద ఉన్న ఫైళ్ళు ఎన్ని, వాటిలో అన్నిటికంటే పాతదాని తేదీ ఏది?